సంతకం లేని సమ్మతి

ఇష్టపడి భూమి అమ్మితే అందులో అధర్మమేముంది? సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద వెళ్తే వచ్చే గజ్వేల్ దగ్గర ఈ ప్రశ్న బరువెక్కుతుంది. మల్లన్నసాగర్ జలాశయంలో మునిగిన వేములఘాట్ వంటి ఊళ్ల జనానికి అక్కడే పునరావాస కాలనీలు. రైతు దగ్గర నేరుగా భూమి కొనే వీలును తెలంగాణ ప్రభుత్వం 2015లో జీవో 123తో తెచ్చుకుంది. పట్టాదారుకు ధర దక్కింది, నిజమే. అదే చేలో నాట్లేసిన కూలీకి అమ్మడానికేమీ లేదు. ఆమె సమ్మతి ఎవరూ అడగలేదు. ఇదే జీవో మీద జహీరాబాద్ ప్రాంత కూలీలు కోర్టుకెక్కితే 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు.

నీళ్లొస్తే పదిమందికి మేలు కదా అంటారు. మేలే. కానీ త్యాగమన్న మాట తనది తాను వదులుకున్నవాడికే చెల్లుతుంది. ఎదుటివాడి బతుకును వదిలించడం త్యాగం కాదు. భూమిలేనివాళ్లను ముందే అడిగిన సందర్భమూ ఉంది. 1951లో పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తాననకముందే, ఎంత కావాలని భూదానోద్యమ నేత వినోబా భావే అడిగింది భూమిలేని దళితులను. 80 ఎకరాలన్నారు వాళ్లు.