దూరముగా నిలిచినవాని ప్రార్థన

(ధ్యాన భాగము: లూకా 18:9–14)

ప్రార్థన చేయుటకై ఇద్దరు మనుష్యులు దేవాలయమునకు వెళ్లిన ఉపమానము ఆదివారపు బడి పిల్లలకు సహితము తెలిసినదే. పరిసయ్యుడు గర్వి, సుంకరి వినయశీలి, కాబట్టి సుంకరివలె ఉండవలెనని ఆ పిల్లలు తడుముకొనక చెప్పుదురు. చిక్కంతయు ఆ జవాబులోనే ఉన్నది. పాఠము ముగిసిన పిమ్మట, తాను ఆ పరిసయ్యునివంటివాడు కానందుకు దేవునికి స్తోత్రము చెల్లించి యింటికి పోవువాడు ఇద్దరిలో ఎవని ప్రార్థన చేసినట్లు? పరిసయ్యుని ప్రార్థననే, పేరు మాత్రము మార్చి, చేసినట్లు. దీనమనస్సు అనునది మనుష్యుడు దేవుని సన్నిధికి చేతపట్టుకొని పోదగిన కానుకయేనా? అది తనయొద్ద ఉన్నదని యెరిగినవానియొద్ద అది నిలుచునా? సామాన్య విశ్వాసి మొదలుకొని వేదపండితుని వరకు, మోకరించు ప్రతివానికిని ఈ ప్రశ్న ఎదురగును.

పరిసయ్యుని విషయమున ప్రసంగీకులు సాధారణముగా న్యాయము చేయరు. అతడు అబద్ధమాడలేదు. ధర్మశాస్త్రము ఇశ్రాయేలీయులందరికి విధించిన ఉపవాసము సంవత్సరమునకు ఒక్కటే. అది ప్రాయశ్చిత్తార్థ దినమున ఆచరింపవలసినది. ఇతడు వారమునకు రెండు దినములు ఉపవాసముండెను. 'దిదఖే' అను ప్రాచీన క్రైస్తవ గ్రంథము ఆ దినములు సోమ గురువారములని సూచించి, వేషధారులతో కలిసిపోకుండునట్లు విశ్వాసులు బుధ శుక్రవారములలో ఉపవసింపవలెనని బోధించుచున్నది. (దినములు మార్చుట ఆ గ్రంథకర్తకు సులభముగానే తోచినట్లున్నది!) ఇతడు తన సంపాద్యమంతటిలో దశమభాగమును ఇచ్చుచుండెను. అంతేకాదు, తన సద్వర్తనమునకై తన్ను పొగడుకొనక, దేవునికే కృతజ్ఞతాస్తుతులు చెల్లించెను. ఇట్టివాడు నేడు ఏ సంఘమునందున్నను పెద్దలలో ఒకడుగా ఎన్నుకొనబడును. ఎన్నుకొన్నవారిని తప్పుపట్టుటయు కష్టమే.

అయితే లోపమెక్కడ? అతని ప్రార్థనలో మనవి ఒక్కటియు లేదు. దేవునితో మాటలాడుచున్నను అతని చూపు వెనుక నిలిచియున్న పొరుగువానిమీద ఉన్నది. తమ నీతిని నమ్ముకొనుటయు ఇతరులను తృణీకరించుటయు అను రెంటిని ఉపమానమునకు ముందే లూకా ఒక్క త్రాట కట్టి చూపుచున్నాడు. అవి రెండు పాపములు కావు, ఒకే పాపముయొక్క రెండు ముఖములు. తన నీతి తనకు ఆధారమైనవాడు దానిని కొలుచుకొనుటకు మరియొకని లోపమును కొలబద్దగా పెట్టుకొనక తప్పదు. అతడు తనలో తాను ప్రార్థించెనో, తన మట్టుకు తాను ప్రత్యేకముగా నిలిచి ప్రార్థించెనో గ్రీకు మూలములోని మాటలనుబట్టి నిశ్చయించుట కష్టము. భాషాంతరకారుడు ఏదో ఒకటి ఎంచుకొనవలసినదే గాని, ఆ మనుష్యుని విషయములో రెండును నిజమే.

ఇక సుంకరిని చూడుడు. అతనిని సాధుమూర్తిగా చిత్రించుటయు పొరపాటే. సుంకము వసూలుచేయు హక్కు ఆ దినములలో గుత్తకు పోవుచుండెను. నిర్ణయింపబడిన మొత్తమునకు మించి పిండుకొన్నదంతయు వసూలుదారునికే మిగులును. అందుకే నియమించినదానికంటె ఎక్కువ తీసికొనవద్దని బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను ప్రత్యేకముగా హెచ్చరింపవలసివచ్చెను. కాబట్టి ఇతడు రొమ్ము కొట్టుకొనుట మర్యాదకొరకు ప్రదర్శించు అణకువ కాదు. అతని చేత దోచబడిన మనుష్యులు ఆ పట్టణములో నిజముగా ఉండిరి. మరుసటి అధ్యాయములోని జక్కయ్యవలె నాలుగంతలు తిరిగి యిత్తునను వాగ్దానము సహితము ఇతని నోట రాలేదు. తన పక్షమున చెప్పుకొనుటకు ఏమియు లేనివాడై నిలిచెను.

అతని మనవిలోని ఒక మాట నిదానించి చూడదగినది. ఆ అధ్యాయములోనే కొంచెము దిగువ, యెరికో త్రోవ ప్రక్కను కూర్చున్న గ్రుడ్డివాడు కరుణింపుమని కేక వేయును. తెలుగు బైబిలులో ఇద్దరి మనవియు 'కరుణించు' అను క్రియతోనే ఉన్నది. గ్రీకులో అట్లు కాదు. గ్రుడ్డివాడు వాడినది దయచూపుమను సామాన్యమైన మాట. సుంకరి వాడినది 'హిలాస్థేతి' అను మాట. ప్రాయశ్చిత్తముచేత సమాధానపడుట అను భావము అందులో కలదు. దానికి జ్ఞాతియైన నామవాచకము 'హిలాస్టేరియోన్'. మందసముమీది మూతకు, ప్రాయశ్చిత్తార్థ దినమున రక్తము ప్రోక్షింపబడిన ఆ స్థలమునకు, అది పేరు. తెలుగులో హెబ్రీయులకు వ్రాసిన పత్రికయందు అది 'కరుణాపీఠము'. రోమా పత్రిక మూడవ అధ్యాయమున క్రీస్తునుగూర్చి అదే పదము వచ్చినప్పుడు 'కరుణాధారము'. తెలుగు భాషాంతరకారులు సుంకరి మాటకును గ్రుడ్డివాని మాటకును గల భేదమును నిలుపలేకపోయిరి గాని, 'కరుణ' అను ఒక్క పదముచేత సుంకరి మనవిని, మందసపు మూతను, క్రీస్తు సిలువను ఒకే వరుసలో నిలిపిరి. తెలిసి చేసిరో తెలియక చేసిరో గాని, భాషాంతరములలో ఇట్టి లాభము అరుదు.

దేవాలయమున ఉదయమును సాయంత్రమును అనుదినము గొఱ్ఱెపిల్ల అర్పింపబడుచుండెను. ప్రజలు ప్రార్థనకై కూడుకొను వేళలును అవే. ఈ ఇద్దరును వెళ్లినది అట్టి బలివేళకేయని కెన్నెత్ బెయిలీ 1980లో ప్రచురించిన గ్రంథమున వాదించెను. అది నిజమైనయెడల, దూరమున నిలిచినవాని యెదుట బలిపీఠపు పొగ లేచుచుండవలెను. ఆ బలి తన కొరకును చెల్లవలెనని అతడు అడుగుచున్నాడు. తన కన్నీటిని అతడు అర్పింపలేదు, తన వినయమును అర్పింపలేదు. తనది కాని దానిలో తనకు పాలు కావలెనని మాత్రమే అడిగెను. అతడు నీతిమంతుడుగా తీర్చబడుటకు హేతువు అతని కృంగిన మెడ కాదు, అతడు చూచిన దిక్కు.

మార్టిన్ లూథర్ 1521లో మరియ కీర్తనకు వ్యాఖ్యానము వ్రాయుచు ఈ విషయమునే తాకెను. దేవుడు తన దాసురాలియందు దేనిని కటాక్షించెను? లాటిను బైబిలులోని 'హుమిలితాస్' అను పదమునుబట్టి, ఆమె వినయమును చూచి దేవుడు ఆమెను ఏర్పరచుకొనెనని అనేకులు తలంచిరి. లూథర్ దానిని ఒప్పుకొనలేదు. మరియ తన సుగుణమును చెప్పుకొనుట లేదు, తన తక్కువ స్థితిని, ఎవరును లెక్కచేయని తన బ్రదుకును చెప్పుచున్నదనెను; నిజముగా వినయముగలవానికి తాను వినయముగలవాడనని తెలియదనియు వివరించెను. తెలుగు బైబిలులో అక్కడ 'దీనత్వము' అనక 'దీనస్థితి' అని యుండుట గమనింపదగినది. దీనత్వము అనిన గుణముగా ఎంచబడవచ్చును. దీనస్థితి ఒకని పరిస్థితి, దానిలో అతిశయించుటకు చోటు లేదు.

తెలుగు సంఘములలో ఈ గుణము, ఈ స్థితి కలిసిపోవుట ప్రార్థనలయందే కనబడును. మట్టిని, ధూళిని, పురుగును అని చెప్పుకొనుటలో ఒకరినొకరు మించవలెనను పోటీ కొన్ని కూటములలో నడచుచుండును. ఆదివారమున తాను అయోగ్యుడనని పది నిమిషములు ప్రార్థించిన పెద్ద, ఆ మాటనే సోమవారమున సంఘ కమిటీలో మరియొకడు తన్నుగూర్చి అనినయెడల సహింపడు. ఆ సహింపలేకపోవుట ఆదివారపు మాటలను బయటపెట్టుచున్నది.

అయితే ఇంతకంటె బరువైన అపాయము వేరొకటి కలదు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున, గుండ్లకమ్మ నదియొద్ద వెల్లంపల్లిలో, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగపల్లెల నుండి వచ్చినవారు. దూరముగా నిలుచుట అనగానేమో వారికి ఉపమానము చెప్పి బోధింపనక్కరలేదు. ఊరి బావికి దూరము, గుడికి దూరము, కరణము అరుగునకు దూరము. వారి తాతలు ముత్తాతలు నిలిచినది దూరముననే. అట్టివారి సంతతికి బోధకుడు ప్రసంగవేదికనుండి తగ్గింపును బోధించునప్పుడు, ఊరు పలికినదానినే దేవుడును పలుకుచున్నాడని వారు వినినయెడల తప్పెవరిది?

ఇక్కడ ఉపమానమును జాగ్రత్తగా చదువవలెను. సుంకరిని దూరమున నిలువుమని ప్రభువు చెప్పలేదు. పరిసయ్యుడు అతనిని తృణీకరించుటను మెచ్చుకొనలేదు. ఉపమానము చెప్పబడినదే ఆ తృణీకారమును ఖండించుటకు. సుంకరి తలవంచినది దేవుని యెదుట, తాను చేసిన అన్యాయమునకు. ముందు నిలిచినవాని యెదుట కాదు. ఇతరుడు విధించిన తక్కువతనమును మౌనముగా మోయుటకు దీనమనస్సని పేరుపెట్టుట, సుంకరి ప్రార్థనను పరిసయ్యుని చేతికి అప్పగించుటయే. దోచినవాడు రొమ్ము కొట్టుకొనవలసిన చోట దోచబడినవానిచేత కొట్టించుట అన్యాయము. మరియు కరుణాపీఠమునుగూర్చి వ్రాసిన ఆ హెబ్రీ పత్రికయే, కృపాసనమునొద్దకు ధైర్యముతో చేరుమని విశ్వాసులను పిలుచుచున్నది. తన యోగ్యతనుబట్టి రానివాడు తన అయోగ్యతనుబట్టి వెనుదీయనక్కరలేదు గదా. రక్తము ఎవరి కొరకు ప్రోక్షింపబడెనో వారు ఒక్క అడుగు వెనుకగాని, ఒకని నీడ తప్పించుకొనిగాని నిలువవలసిన పని లేదు.

ఉపమానములో తరచుగా దాటిపోవు సంగతి ఇంకొకటి ఉన్నది. ఇద్దరిలో ఎవడు నీతిమంతుడుగా తీర్చబడెనో ప్రభువు చెప్పినది వినుచున్నవారితో, సుంకరితో కాదు. దేవాలయమున అతనికి ఏ స్వరమును వినబడినట్లు లేదు, ఏ యాజకుడును అతని తలమీద చేయి ఉంచినట్లు లేదు. పరిసయ్యుడు తన ప్రార్థన అంగీకరింపబడినదను నిశ్చయముతో మెట్లు దిగియుండును. సుంకరి, తాను అడిగినది దొరకెనో లేదో తెలియక, ఆ వీధుల వెంబడి, తాను దోచినవారి గుమ్మముల ముందుగా, యింటికి నడచి వెళ్లెను.