కొండవాలా, కడలి ఒడ్డా

పెర్త్ నగరానికి పడమటి హద్దు హిందూ మహాసముద్రం. తూర్పు హద్దు డార్లింగ్ స్కార్ప్ అనే కొండల వరస. మధ్యలో పాతిక ముప్పై కిలోమీటర్ల ఇసుక నేల. అందుకే ఆస్ట్రేలియాలోని ఈ ఊరికి వలస వచ్చేవాళ్లకి పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) చేతికందగానే ఒక సందేహం పట్టుకుంటుంది. కొండ మీద చెట్ల మధ్య కలముండా, మండారింగ్ వైపు ఉండాలా, సముద్రం ఒడ్డున స్కార్బరో, ముల్లలూ వైపు ఉండాలా?

నిజానికి మనవాళ్లలో చాలామంది ఈ సందేహం దాకా రారు. కానింగ్ వేల్, హారిస్‌డేల్, పియారా వాటర్స్ చూసుకుంటారు. చదునైన నేల, కొత్త ఇళ్లు, మంచి బడి, దగ్గర్లో గుడి, కరివేపాకు దొరికే కొట్టు. నేనున్నదీ అటే. ఎగతాళికి అనడం లేదు. పరాయి దేశంలో మొదటి రెండేళ్లు మనిషిని నిలబెట్టేది కరివేపాకే.

మా మేనల్లుడూ అతని భార్యా మాత్రం ఆ సందేహంలోనే చిక్కుకుపోయారు. వాడిది విశాఖ. అమ్మాయిది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. మిడ్‌ల్యాండ్‌లో నర్సుగా చేరింది. మిడ్‌ల్యాండ్ కొండ మొదట్లోనే ఉంటుంది కాబట్టి ఉద్యోగం ఆమె వైపు మాట్లాడుతోంది. వాడు ఊరుకోడే. “ఇంత దూరం వచ్చి సముద్రం కనపడని చోట ఉండమంటావా మావయ్యా?” అని నా దగ్గరికి పంచాయితీకి వచ్చాడు. ఆ అమ్మాయి వాదించలేదు. “ఆ హోరు పక్కన నాకు నిద్ర పట్టదండీ” అంది, అంతే.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఆమె పుట్టకముందు సంగతి. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది పోయారు. ఆ రాత్రి తాటిచెట్టును కావలించుకుని బతికి బయటపడ్డ నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్ల ఇది. అన్నం ముద్దలతో పాటు ఆ కథా తింది. వాడికీ తుపాను తెలియకపోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడు వాడు ఊళ్లోనే ఉన్నాడు. కాస్త తెరిపిచ్చాక మళ్లీ బీచ్‌కి పోయి మురీ మిక్స్చర్ తిన్నాడు. ఒకే బంగాళాఖాతం ఒకరికి ఆటస్థలం, ఇంకొకరికి ఇంట్లో చావు.

లెక్క ప్రకారం చూస్తే ఆమె భయానికి ఇక్కడ ఆధారం తక్కువ. బంగాళాఖాతం తీరంలో నీళ్ల లోతు తక్కువ, తుపాను గాలి ఆ నీటిని తోసుకొచ్చి దివిసీమ లాంటి పల్లపు నేల మీద కుమ్మరిస్తుంది. పెర్త్ దాకా తుపాను దిగి రావడం అరుదు. పైగా చాలాచోట్ల ఒడ్డు ఇసుక దిబ్బల మీద ఎత్తుగా ఉంటుంది. ఇక్కడ అసలు ప్రమాదం ఆమె కోరుకున్న కొండ మీదే ఉంది. 2011 ఫిబ్రవరిలో రోలీస్టోన్, కెల్మ్‌స్కాట్ ప్రాంతంలో 71 ఇళ్లు కాలిపోయాయి. ఎవరో యాంగిల్ గ్రైండర్ వాడుతుంటే లేచిన రవ్వలు చాలాయి. 2014 జనవరిలో పార్కర్‌విల్ చుట్టుపక్కల 57 ఇళ్లు. అక్కడ ఒక కరెంటు స్తంభం కూలింది. అంటే ఈ అమ్మాయి ఇక్కడ లేని నీళ్లకు భయపడి, ఇక్కడున్న నిప్పు దగ్గరికి పోతానంటోంది.

ఈ మాట వాడు ఆమెతో అననే అన్నాడు. లాజిక్కులో వాడే గెలిచాడు. కానీ నిద్రపట్టనివాళ్లకి లాజిక్కు చెప్పి ఏం లాభం? భయం కూడా మనతో పాటు విమానం ఎక్కుతుంది. దానికి వీసా అడిగేవాడు లేడు. అయితే వారసత్వంగా వచ్చిన భయం ఒక తీరు, నేర్చుకోవలసిన భయం ఇంకో తీరు. మొదటిది అడగకుండానే ఒంట్లోకి వస్తుంది. రెండోదానికి కాయితాలుంటాయి. కొండ మీద కట్టే ఇంటికి ‘బాల్’ అని ఒక రేటింగు ఇస్తారు. 12.5, 19, 29, 40 అని అంకెలు. మంటొస్తే గోడ మీద చదరపు మీటరుకు ఎన్ని కిలోవాట్ల వేడి పడొచ్చో చెప్పే లెక్క అది. ఆ పైన అంకె ఉండదు, ‘ఫ్లేమ్ జోన్’ అనే పేరొక్కటే. చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన కథలో కిలోవాట్లు లేవు. అందుకే ఆ అమ్మాయికి ఈ నిప్పు భయంలా కాకుండా పరీక్షకు చదవాల్సిన పాఠంలా కనిపించిందనుకుంటాను. చదివి పాసయ్యే భయమైతే తనకు ఫరవాలేదు.

వాడి సముద్రాన్నీ తీసిపారేయలేం. విశాఖవాడికి సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. ఇక్కడ నీళ్లలోకి దిగుతాడు. సముద్రం పొద్దుటి పూట వస్తువు కాదు, పని ముగిశాక చూసేది. వేసవిలో నలభై డిగ్రీలు కాసిన మధ్యాహ్నం ఫ్రీమాంటిల్ వైపు నుంచి చల్లటి గాలి తోలుతుంది. దాన్ని ‘ఫ్రీమాంటిల్ డాక్టర్’ అంటారు. ఒడ్డునున్న ఇంటికి ఆ డాక్టరు ముందొస్తాడు, కొండ మీదకి ఆలస్యంగా వస్తాడు, ఒక్కోరోజు రానే రాడు. ఒడ్డున ఉండేవాళ్లు ఆ గాలికి ఫీజు తుప్పు రూపంలో కడతారు. ఏసీ బయటి డబ్బా, తలుపు బందులు, గేటు గొళ్లెం, అన్నిటినీ ఉప్పు తినేస్తుంది. ఇళ్ల ఏజెంట్ల ప్రకటనల్లో సూర్యాస్తమయమే కనిపిస్తుంది, గొళ్లెం కనపడదు.

కొండకీ చాకిరీ ఉంది. నవంబరులో వాళ్లకోసం మండారింగ్‌లో ఒక అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లాం. ఇంటాయన నిచ్చెన మీద నిలబడి చూరు కింది గట్టర్లోంచి జర్రా చెట్టు ఆకు చేత్తో తోడి బకెట్లో వేస్తున్నాడు. పట్టుకుంటే పెళుసుగా, నూనె వాసనతో ఉన్న ఆకు. దారి పొడుగునా మర్రి కాయలు (మన మర్రి కాదు, అదో యూకలిప్టస్ జాతి), ఒక్కోటి పొగాకు తాగే చుంగాణీ బుర్రంత. అంచు మీద ముక్కు గాట్లున్నాయి. గాట్లను బట్టి ఏ రకం నల్ల కాకటూ తిన్నదో చెప్పొచ్చట. అమ్మాయి ఒక కాయ తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. వాడు నా వైపు చూసి పెదవి విరిచాడు. తీర్పు వచ్చేసిందని ఇద్దరికీ తెలిసింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం వీళ్ల తగవు కాదు. ఈ నేల అసలు మనుషులు, వాజుక్ నూంగార్లు, ఈ ప్రశ్నే అడగలేదన్న సంగతి. వాళ్లకీ మనలాగే ఏడాదికి ఆరు ఋతువులు: బిరాక్, బునురు, జెరాన్, మకురు, జిల్బా, కంబరాంగ్. బునురు అంటే ఫిబ్రవరి, మార్చి, ఎండ మండే కాలం. అప్పుడు సముద్రం ఒడ్డునా నదీ ముఖాల దగ్గరా చేపలు పట్టుకుంటూ ఉండేవారు. మకురులో, జూన్ వానలకు, తీరం వదిలి లోపలికి వెళ్లేవారు. బిరాక్‌లో పొదలను కొద్దికొద్దిగా కాల్చేవారు, పెద్ద మంటకు మేత మిగలకుండా. అంటే కొండా సముద్రమూ వాళ్లకు ఎంచుకోవలసిన రెండు వస్తువులు కావు, ఒక ఏడాదిలో రెండు భాగాలు.

మనమూ ఆరు ఋతువులు లెక్కపెట్టేవాళ్లమే. పంచాంగంలో పెట్టి ఉగాదికి వింటాం, ఇల్లు మాత్రం ఒక్కచోట కడతాం. వ్యవసాయం మనిషిని ఒక చేనుకు కట్టేసింది. బ్యాంకు ఆ ముడిని ముప్పై ఏళ్లకు బిగించింది. ‘కొండ తర్వాత కడలి’ అనే మాట ‘కొండా, కడలా’ అని మారింది ఆ ముడి పడిన చోటేనని నా అనుమానం. నూంగార్ల తిరుగుడు కూడా దానంతట అది ఆగలేదు. 1829లో బ్రిటిష్ వలస మొదలయ్యాక కంచెలు పడ్డాయి, దారులు మూసుకుపోయాయి. తీరం నుంచి కనిపించే రాట్‌నెస్ట్ దీవి, వాళ్ల మాటలో వాజెమప్, 1838 నుంచి ఆదివాసీ మగవాళ్లకు జైలైంది. వందల మంది అక్కడే పోయారు. ఒడ్డున కూర్చుని వాడు ఫోన్లో పెట్టే సూర్యాస్తమయాల వెనక గీతలా కనిపించేది ఆ దీవే. ఈ సంగతి వాడికి చెప్పాను. ఆ ఫొటోలు తీయడం మానలేదు, మానాలనీ నేను చెప్పలేదు.

చివరికి మండారింగ్‌లో ఏడాది లీజుకు దిగారు. అగ్గి ప్రమాదానికి ఇక్కడ నాలుగు మెట్ల హెచ్చరిక ఉంది. పై మెట్టు ‘కటాస్ట్రాఫిక్’ అని ప్రకటిస్తే, మంట కనపడేదాకా ఆగకుండా పొద్దున్నే ఇల్లు వదిలి పొమ్మంటారు. ఆ అమ్మాయి ఇంకా ముందు జాగ్రత్త మనిషి, కింది మెట్టు ‘ఎక్స్‌ట్రీమ్’కే బండి తీయిస్తుంది. పాస్‌పోర్టులు, నర్సింగ్ సర్టిఫికెట్లు, నాయనమ్మ ఫొటో ఒక సంచిలో తలుపు పక్కన ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఉప్పెన నేర్పిన బుద్ధి నిప్పు దగ్గర పనికొస్తోంది. అలాంటి రోజుల్లో వాళ్లు వెళ్లేది స్కార్బరో ఒడ్డుకు. వాడు ఈత కొడతాడు. ఆమె రోడ్డు అంచు గోడ మీద, నీళ్లకు చాలా ఎగువన, డబ్బాలో పెట్టుకొచ్చిన పులిహోర తింటుంది.

“చూశావా, ఎండాకాలం రాగానే సముద్రానికే దిగుతున్నాం” అని వాడు వెక్కిరిస్తే, “వానలకి కొండెక్కుతున్నాం కదా, అదీ చెప్పు” అంటుంది. లీజు డిసెంబరుకి అయిపోతుంది. ఇల్లు కొనే మాట అప్పుడు చూద్దామంటున్నారు. తొందరపెట్టొద్దని మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను.