చిన్నయిష్టము, పెద్దగోడ

హయత్‌నగరమున విజయవాడ బాటకు ఇరువైపుల కాలనీలు పెక్కులు వెలసినవి. గేటునకు 'టులెట్' పలక కట్టునప్పుడు మనకెవరియందును ద్వేషముండదు. మనవంటివారు వచ్చిన బాగుండునని మాత్రము తలఁతుము. ఇంతమాత్రమున దోషమున్నదా?

1971లో థామస్ షెల్లింగను అమెరికా అర్థశాస్త్రజ్ఞుఁడు ఇట్టి ప్రశ్ననే గళ్ళపలకపై విచారించెను. రెండు తెగల బిళ్ళలను కలిపియుంచి, ఇరుగుపొరుగున సగమైనను తనవారు లేని బిళ్ళ వేఱొకగడికిఁ బోవలెనని నియమించెను. సగము పరులుండుటకు ప్రతిబిళ్ళయు సమ్మతించినదే. అయినను తుదకు గుంపులు గుంపులుగా వేఱుపడినవి. నేఁడు కంప్యూటరులో వేలకొలఁది కల్పితజనులను ఇట్లే నడపి, అంటువ్యాధుల వ్యాప్తిని, విధానముల ఫలితములను ముందుగా పరిశీలించుచున్నారు.

దీనిఁజూచి, దోషమెవ్వరిదియుఁ గాదని కొందఱందురు. మేమొప్పము. మన వాడలు చిన్నయిష్టముచేతనే కాదు, కులనిషేధముచేతఁ జీలినవి. బిళ్ళలకా చరిత్ర లేదు. మఱియు బిళ్ళ తన నియమమును మార్చుకొనఁజాలదు, మనుష్యుఁడు మార్చుకొనఁగలఁడు. అద్దెకు వచ్చినవారిని కులమడుగక యిల్లిచ్చుట చిన్నపనియే. చిన్నయిష్టము గోడ కట్టఁగలదని తెలిసినపిమ్మట, ఆ చిన్నపనిని మన గేటునొద్దనే ప్రారంభింపవలెను.