సేవకు జీతం తీసుకోవచ్చా?

స్వచ్ఛంద సంస్థల్లోనూ, లాభం కన్నా సమాజహితాన్ని ముందు పెట్టుకున్న వ్యాపారాల్లోనూ బతుకుదెరువు వెతుక్కునే స్త్రీలకు ఒక ధర్మసందేహం తరచు ఎదురవుతుంది. జీతం తీసుకుని చేసే పని సేవ అనిపించుకుంటుందా? బడి మానేసిన పిల్లల్ని వెతికి తెచ్చే కార్యకర్త, హింసకు గురైన స్త్రీకి కోర్టులో తోడు నిలిచే కార్యకర్త, అనాథ పిల్లల గృహంలో రాత్రిళ్లు మేలుకుని ఉండే ఆయమ్మ నెలాఖరుకు డబ్బు అందుకుంటే చాలు, ఆ పనికున్న పుణ్యం కాస్తా పోయిందన్న భావన సమాజంలో బలంగా ఉంది. పెళ్లిచూపుల్లోనూ, సంస్థల కమిటీ సమావేశాల్లోనూ ఈ మాట వినిపిస్తుంది. గుడి అర్చకుడి సంభావన గురించీ, మతపాఠశాల ఉపాధ్యాయుడి జీతం గురించీ ఎవరూ ఇంతగా సందేహించరు. కర్మ, ఫలం, దానం, స్త్రీధర్మం గురించిన పాత చర్చలన్నీ ఈ ఒక్క సందేహంలో చిక్కుపడి ఉన్నాయి కాబట్టి వాటిని విడివిడిగా చూడాలి.

జీతం వద్దనేవాళ్లు ఎక్కువగా ఆధారం చేసుకునేది భగవద్గీతను. ఫలం మీద ఆశ లేకుండా కర్మ చేయమన్నప్పుడు జీతం ఆశించడం దోషమే కదా అని వాళ్ల వాదం. కానీ మూడో అధ్యాయంలో, లోకం కోసం కర్మ చేసినవాళ్లకు ఉదాహరణగా గీత పేరుపెట్టి చూపింది జనకుణ్ణి. జనకుడు రాజు, పన్నులు తీసుకునేవాడు. బౌధాయన ధర్మసూత్రం పంటలో ఆరోవంతు పన్నును రాజుకు ముట్టే జీతంగానే లెక్కగట్టి, అందుకు బదులుగా ప్రజల్ని కాపాడే బాధ్యతను అతని మీద పెట్టింది. అంటే భృతి పుచ్చుకునేవాడే నిష్కామ కర్మకు నమూనా అయ్యాడు. తిరిగి ఏమీ ఆశించకుండా ఇవ్వమని పదిహేడో అధ్యాయం చెప్పింది దానం విషయంలో. తన దగ్గరున్న సొమ్ములోంచి ఇచ్చేవాడికి పెట్టిన నియమం అది. ఒళ్లు వంచి పనిచేసి ఆ పనితోనే ఇల్లు గడుపుకోవాల్సిన మనిషికి దాన్ని వర్తింపజేయడం శాస్త్రం చెప్పని మాట.

జీతానికీ ఫలానికీ ఉన్న తేడాను అందరికంటే నిశితంగా పట్టుకున్నవాళ్లు పూర్వమీమాంసకులు. యజ్ఞం చేయించేవాడు యజమాని, జరిపేవాళ్లు ఋత్విక్కులు. మరి ఋత్విక్కులకిచ్చే దక్షిణ ఏమిటి? దాన్ని పరిక్రయం అన్నారు, అంటే పనిచేసేవాళ్లను ప్రతిఫలం ఇచ్చి కుదుర్చుకోవడం. జైమిని సూత్రాల మూడో అధ్యాయం ఆ కుదుర్చుకునే బాధ్యత యజమానిదేనని తేల్చింది. స్వర్గం వంటి యజ్ఞఫలం యజమానికి చెందుతుంది, ఋత్విక్కుకు దక్షిణ చెందుతుంది. దక్షిణ పుచ్చుకున్నందువల్ల మంత్రానికి మైల అంటలేదు, కర్మకు లోపం రాలేదు. సరికదా దక్షిణ ఎగ్గొట్టిన యజ్ఞమే లోపభూయిష్టమని సంప్రదాయం నమ్మింది. ఈ విభజనను సేవారంగానికి పట్టిచూస్తే, వదులుకోవాల్సిన ఫలం ఏమిటో తేలిపోతుంది. కీర్తి, పదవి, సాయం పొందినవాళ్ల మీద పెత్తనం, వాళ్లు జీవితాంతం తన ముందు చేతులు కట్టుకుని నిలబడాలన్న కోరిక, ఇవీ ఆ ఫలాలు. పైసా పుచ్చుకోకుండా సేవ చేసే మనిషి వీటి కోసం తహతహలాడవచ్చు. నెలజీతం మీద పనిచేసే మనిషి వీటిలో ఒక్కటీ కోరకపోవచ్చు.

ఇతర మతాలు కూడా ఈ చిక్కును ఎప్పుడో చూశాయి. ఖురాన్ తొమ్మిదో సూరా జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో ఎనిమిది తరగతులుగా చెప్పింది. పేదలు, దిక్కులేనివాళ్ల వెంటనే మూడో తరగతిగా ఆ సొమ్మును వసూలు చేసి నిర్వహించే పనివాళ్లను పేర్కొంది. పేదల కోసం తీసిన ధనంలోంచే ఆ పంపకం పని చేసేవాళ్లకు భృతి ఇవ్వడం అక్కడ దైవాజ్ఞ. క్రైస్తవంలో పనివాడు తన జీతానికి పాత్రుడన్న బోధ సువార్తల్లోనే ఉంది. అపొస్తలుడైన పౌలు ఆ హక్కును గట్టిగా సమర్థించాడు, అయినా తాను మాత్రం గుడారాలు కుడుతూ బతికాడు. హక్కును వదులుకోవడం అతని ఇష్టం. ఇంకొకరి హక్కును వదిలించే అధికారం దానివల్ల ఎవరికీ రాదు.

శాస్త్రాల్లో ఇంత స్పష్టత ఉన్నప్పుడు స్త్రీల విషయంలో మాత్రం సందేహం ఎందుకు తెగదు? జవాబు ఇంట్లోనే ఉంది. వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్ల సేవ స్త్రీధర్మంగా లెక్కకొచ్చాయి, శ్రమగా లెక్కకు రాలేదు. భార్య, కొడుకు, దాసుడు సంపాదించినది వాళ్ల యజమానికే చెందుతుందని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. స్త్రీధనాన్ని అదే స్మృతి గుర్తించిన మాట నిజమే గానీ, అది కానుకగా వచ్చిన సొమ్ము. ఆమె శ్రమకు వెల కట్టలేదు. ఇంటి పనిని పోలిన పని, అంటే అన్నం పెట్టడం, రోగికి సపర్య చేయడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం వీధిలోకి వచ్చినా పాత లెక్కే దాని వెంట వచ్చింది. అమ్మలాంటి మనసుతో చేసే పని కనుక అమ్మలాగే ఊరికే చేయాలన్న ఆశ అందులోంచి పుట్టింది.

తెలుగునేల మీద ఈ ఆదర్శానికి అత్యున్నత రూపం డొక్కా సీతమ్మ. 1841లో పుట్టి, గోదావరి లంకల్లోని గన్నవరంలో కాపురమున్న ఆమె, వేళకాని వేళ తలుపు తట్టినా, కులం అడగకుండా అన్నం పెట్టింది. ఆమె పేరు బ్రిటిష్ చక్రవర్తి ఏడో ఎడ్వర్డు కొలువు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకం 2024 నుంచి ఆమె పేరుతో నడుస్తోంది. ఆ త్యాగాన్ని తక్కువ చేసేవాళ్లు ఉండరు, ఉండకూడదు. అయితే ఆ అన్నం పొలం ఉన్న ఇంట్లో ఉడికిన అన్నం. భర్త డొక్కా జోగన్న భూవసతి గల రైతు, భార్య వ్రతానికి అడ్డు చెప్పని మనిషి. పొలం లేని స్త్రీకి, భర్త ఒప్పుకోని స్త్రీకి, భర్తే లేని స్త్రీకి ఆ దారి ఎలా తెరుచుకుంటుంది? వేతనం లేని సేవే సేవ అని తీర్మానించడమంటే, కూర్చుని తినగలవాళ్లకు మాత్రమే సేవచేసే యోగ్యత ఉందని తీర్మానించడం. అప్పుడు పేదింటి స్త్రీకి సాయం పొందే చోటు మాత్రమే మిగులుతుంది, సాయం చేసే చోట ఆమెకు పీట ఉండదు. జీతం వద్దనే వాదంలో అన్నిటికన్నా పెద్ద దోషం ఇదే.

సీతమ్మ కన్నుమూసిన 1909లోనే రాజమండ్రిలో దుర్గాబాయి పుట్టింది. చిన్ననాడే జరిగిన పెళ్లిని తెంచుకుని, స్వాతంత్ర్యోద్యమంలో జైళ్లకు వెళ్లి, ఆ తర్వాత న్యాయశాస్త్రం చదివి, రాజ్యాంగసభ దాకా నడిచిన మనిషి. మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ మొదట చేసిన ముఖ్యమైన పని, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల్ని బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి ఆమే తొలి అధ్యక్షురాలు. పల్లెల్లో సంక్షేమ కేంద్రాలు తెరవబోతే నడపడానికి చదువుకున్న స్త్రీలు దొరకలేదు. ఇంకోవైపు వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్లు పనిలేక మగ్గిపోతున్నారు. ఈ రెంటినీ కలిపి 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. రెండు మూడేళ్లలో పరీక్ష గట్టెక్కినవాళ్లు గ్రామసేవికలుగా, బాలసేవికలుగా, టీచర్లుగా, నర్సులుగా ఉద్యోగాల్లో చేరే దారి పడింది. ఈ దేశంలో స్త్రీలకు సంక్షేమరంగం వృత్తిగా మారడంలో ఇది నిర్ణాయకమైన మలుపు. సాయం పొందిన స్త్రీ సాయం చేసే స్త్రీగా మారేందుకు మధ్యలో కావలసిన మెట్టు జీతమేనని దుర్గాబాయి గ్రహించింది.

జీతం ధర్మమేనని ఒప్పుకున్నాక అసలు కష్టమైన ప్రశ్న మిగులుతుంది: ఎంత? దీనికి అందమైన జవాబు పన్నెండో శతాబ్ది కల్యాణ నగరంలో ఒక స్త్రీ నుంచి వచ్చింది. బసవేశ్వరుని చుట్టూ చేరిన శరణులు కాయకం అన్న సిద్ధాంతాన్ని ఆచరించారు. ఎవరి చేతిపని వాళ్లకు పూజ, దాని సంపాదనతో తాను బతకాలి, మిగిలింది దాసోహంగా తోటివారికి పెట్టాలి. పని, కూలి, దానం అక్కడ ఒకే తాడుకు పేనిన పురులు. ఆ శరణుల్లో ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యం ఏరుకొచ్చే పనివాడు. ఒకనాడు అతను మామూలుకన్నా ఎక్కువ బియ్యం తెచ్చాడు. భార్య లక్కమ్మ అది ఇవాళ్టి అవసరానికి మించిన బియ్యమని, ఆశ కాయకాన్ని చెరుపుతుందని చెప్పి, ఎక్కువ తెచ్చింది తిరిగి ఇచ్చిరమ్మంది. లక్కమ్మ బియ్యం తేవడాన్ని తప్పు పట్టలేదు. అవసరం దాటిన గింజను తప్పు పట్టింది. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణం రాసిన నాటి నుంచీ ఈ సంప్రదాయం తెలుగువాళ్లకు పరాయిది కాదు.

లక్కమ్మ వేసిన కొలతతో నేటి సామాజిక వ్యాపారాల్ని చూడవచ్చు. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు గుజరాతీ స్త్రీలు 80 రూపాయల అప్పుతో అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. లిజ్జత్ పాపడ్‌గా ఎదిగిన ఆ సంస్థ దానం స్వీకరించకూడదని నియమం పెట్టుకుంది. అప్పడాలు వత్తే ప్రతి స్త్రీ అందులో భాగస్వామి, లాభనష్టాలు అందరివీ. సంస్థను వ్యాపారంగానూ, కుటుంబంగానూ, భక్తితో కొలిచే గుడిగానూ చూడాలన్నది వాళ్ల సూత్రం. 1974లో ఇలా భట్ అహమ్మదాబాద్‌లో సేవా బ్యాంకు పెట్టినప్పుడు మూలధనం సమకూర్చింది తలా పది రూపాయలు వేసుకున్న 4,000 మంది కూరగాయలమ్మేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు. తెలుగునాట పొదుపు సంఘాల్లో ఆరితేరిన పల్లె స్త్రీలు బిహార్ వంటి రాష్ట్రాలకు వెళ్లి, దినభత్యం తీసుకుని, అక్కడి స్త్రీలకు సంఘం కట్టడం నేర్పారు. వీటన్నిటిలో సంపాదన ఉంది, మిగులు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కూడా ఉంది.

ఆ జవాబు లేనిచోట ఏం జరుగుతుందో కూడా తెలుగువాళ్లే చూశారు. పేద స్త్రీల ఉద్ధరణ పేరుతో మొదలైన సూక్ష్మరుణ సంస్థలు కొన్ని పెట్టుబడిదారుల లాభం కోసం పరుగుతీశాయి. వారం వారం వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ వసూళ్లకు పగ్గం వేయాల్సి వచ్చింది. పేదరాలి ఇంటి నుంచి అవసరానికి మించి ఏరుకొచ్చిన గింజ అది.

జీతం మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయకూడదు. జీతం వచ్చాక కార్యకర్త ఊరికి జవాబుదారీగా ఉండటం మానేసి నిధులిచ్చేవాళ్లకు జవాబుదారీ అవుతుంది, ప్రాజెక్టు గడువు ముగిస్తే ఊరిని వదిలేస్తుంది అన్నది ఆ మాట. ఇలా జరిగిన పల్లెలు చాలానే ఉన్నాయి. అయితే దోషం జీతానిదా, గడువుదా? ఏడాదికొకసారి తెగిపోయే ఒప్పందం మీద పనిచేసే స్త్రీకి ఊరితో పదేళ్ల బంధం ఎలా కుదురుతుంది? నిలకడైన జీతం ఉంటేనే నిలకడైన సేవ సాధ్యం. దాతలు మాత్రం ప్రతి రూపాయీ నేరుగా పేదకే చేరాలంటారు. రోగికి మందు చేర్చేది మనిషేనని, ఆ మనిషికీ ఆకలేస్తుందని గుర్తుంచుకోరు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించడంలోనూ ఇదే అనుమానం ధ్వనిస్తుంది. ఆస్పత్రి డాక్టర్ల, బడి టీచర్ల జీతాలు ఆ లెక్కలోకి రావన్నది కొంత ఊరట.

సేవ అన్న మాటను అడ్డుపెట్టి శ్రమకు వెల తగ్గించే అతిపెద్ద యజమాని ప్రభుత్వమే. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ వ్యవస్థలో పనిచేసే స్త్రీలు నేటికీ గౌరవ కార్యకర్తలు. వాళ్లు పొందేది జీతం కాదు, గౌరవవేతనం. 2018లో కేంద్రం పెంచిన తర్వాత కూడా అది నెలకు 4,500 రూపాయలు, ఆపైన రాష్ట్రాలు కలిపేది రాష్ట్రానికొక తీరు. 2005లో వచ్చిన ఆశా కార్యకర్తలు కాగితం మీద వాలంటీర్లు, చేసిన పనికి లెక్కగట్టి ప్రోత్సాహకం పొందేవాళ్లు. కోవిడ్ కాలంలో ఇంటింటికీ తిరిగిన ఈ స్త్రీలను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సత్కరించింది. సత్కారం వల్ల వాలంటీరు అన్న ముద్ర చెరగలేదు. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే, ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు గౌరవసేవ, సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవ అనడం మీమాంస తర్కానికి నిలవదు. యజ్ఞం ఆగితే లోకం ఆగుతుందనుకునే యజమాని దక్షిణ చెల్లించాల్సిందే.

2022 ఏప్రిల్‌లో గుజరాత్ అంగన్‌వాడీ కార్యకర్తల కేసులో సుప్రీంకోర్టు, వాళ్లు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం కిందికి వస్తారని తీర్పు చెప్పింది. కోర్టు గుర్తించిన శ్రమను దాతలు, ట్రస్టులు, మఠాలు, ప్రభుత్వాలు కూడా గుర్తించాలి. తమ దగ్గర పనిచేసే స్త్రీకి ముందు కనీస వేతనం, భవిష్య నిధి, ప్రసూతి సెలవు ఇచ్చి, ఆ తర్వాతే ఆమె సేవాభావం గురించి మాట్లాడాలి.