బడి విడిచిపోవు బిడ్డకు పని నేర్పవచ్చునా?



కొన్ని సంవత్సరముల క్రిందట, తొమ్మిదవ తరగతిలో నుండి సగము దినములు బడికి పోని ఒక బాలుని, వేసవి సెలవులలో మన సంఘస్థుడైన ఒక వడ్రంగి మేస్త్రి యొద్ద పనికి పెట్టితిమి. వాడు చెడు సావాసమునకు దూరముగా నుండును, చేతికి నాలుగు డబ్బులు వచ్చును అని తలంచితిమి. ఆదివారము గుడిలో వానిని మెచ్చుకొంటిమి కూడ. జూన్ మాసములో బడి తెరచినప్పుడు వాడు పోలేదు. మేస్త్రి పొమ్మనలేదు, మేమును అడుగలేదు. నేడతడు మంచి పనివాడే. అయినను మొన్నొకనాడు ఒక ఒప్పందపు కాగితము చదివించుకొనుటకు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ జూన్‌లో ఎవరైనా ఒక్కరు బడికి పోరా అని ఉంటే పోయేవాణ్ణండి" అనెను. ఆ మాట నాటినుండి మమ్మును విడువలేదు.

మన ప్రాంతములో ఈ సంగతి మాటలాడుట సులభము కాదు. రంగారెడ్డి జిల్లాలో 1991 మొదలుకొని మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారు బిడ్డలను పనినుండి విడిపించి బడికి చేర్చిరి. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని వారు గట్టిగా పట్టుపట్టిరి. ఆ సేవకు శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే బహుమానము లభించెను. ఇంత కష్టపడి బిడ్డ చేతినుండి పనిముట్టు తీసివేసిన తరువాత, మరల దానిని వాని చేతిలో పెట్టుదమా?

పదునాలుగేండ్లలోపు బిడ్డల విషయములో మాకు సందేహము లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము వారిని బడిలో నుంచుమనుచున్నది. 2016లో సవరించిన చట్టము వారిని పనికి పెట్టుకొనకూడదనియు, పదునెనిమిదేండ్లు నిండనివారిని ప్రమాదకరమైన పనులలో పెట్టకూడదనియు చెప్పుచున్నది. చిక్కంతయు పదునైదేండ్లవానితోనే. వాడు వెనుక బల్లమీద కూర్చుండును. పాఠము బోధపడదు, బోధపడలేదని చెప్పుటకు సిగ్గు. అట్టివానికి చదువుకొమ్మని ఇంకొకసారి గద్దించుటవలన ఏమి కలుగును?

వడ్రంగి గుమ్మపు చట్రము బిగించునప్పుడు ఏమి చేయునో చూడుడి. మూలనుండి ఒక ప్రక్క 3 అడుగులు, రెండవ ప్రక్క 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల నడుమ టేపు పట్టును. సరిగా 5 అడుగులు వచ్చెనా, మూల కుదిరినది. పదవ తరగతి బాలుడు పైథాగరస్ సిద్ధాంతమని వల్లించి మరచిపోవునది ఇదే. "ఈ లెక్క మీ బడిలో చెప్పలేదట్రా?" అని మేస్త్రి ఒక్క మాట అడిగినయెడల, ఆ బాలుడు మరునాడు పుస్తకము తెరచి చూడవచ్చును. అడుగక, మేకులు అందించుమని మాత్రమే చెప్పినయెడల, వానికి దొరికినది కూలి పనియే. 2020 నాటి జాతీయ విద్యా విధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతివరకు గల పిల్లలను పది దినములు సంచి లేకుండ వడ్రంగులు, కుమ్మరులు మొదలగువారి యొద్దకు పంపవలెనని చెప్పినది. మంచిదే గాని, పది దినములలో మేస్త్రికి పిల్లవాని పేరు తెలిసిన గొప్ప. జర్మనీలో యువకులు వారములో కొన్ని దినములు పనిలోను కొన్ని దినములు వృత్తి పాఠశాలలోను ఉందురు. వారి చట్టము ప్రకారము, బడి దినమున శిష్యుని పనినుండి విడిచిపెట్టుట యజమానునికి విధి. మేము ఆ జూన్‌లో మరచినది సరిగా ఇదే.

అపొస్తలుల కార్యములలో మార్కు అను యౌవనుడు పెర్గేలో పని మధ్యను విడిచి యెరూషలేమునకు వెళ్లిపోయెను. తరువాత పౌలు వానిని మరల వెంటబెట్టుకొనుట కొప్పుకొనలేదు. బర్నబా ఒప్పుకొని కుప్రకు తీసికొని పోయెను. అక్కడ వానితో ఏమి మాటలాడెనో, ఎంత ఓర్చుకొనెనో వ్రాయబడలేదు. చాల కాలమునకు పౌలే తిమోతికి వ్రాయుచు మార్కును వెంటబెట్టుకొని రమ్మనెను. పౌలు చేసినది తప్పని మేమనజాలము. పని ఆగరాదు గదా. అయితే బర్నబా లేనియెడల, పిలిపించుకొనుటకు మార్కు ఎక్కడ నుండెడివాడు?

కూలి సంగతి యొకటి మిగిలినది. ఏమియు ఇయ్యకుండుట అన్యాయము. పెద్దవానికిచ్చినంత ఇచ్చినయెడల, ఇంటివారు ఆ డబ్బుకు అలవాటుపడి జూన్‌లో వానిని బడికి పంపరు. భోజనము, బస్సు ఖర్చు, కొంచెము చేతిఖర్చు ఇచ్చి, యంత్రపు రంపము దగ్గరకు రానియ్యక, బడి తెరచుటకు వారము ముందుగా పని ముగించుట మేలని మాకు తోచుచున్నది.

ఈ వేసవికి ఇద్దరు మేస్త్రీలు ముందుకు వచ్చిరి. బడి తెరచిన దినమున మీరే పిల్లవానిని ఉపాధ్యాయునికి అప్పగించెదరా అని అడిగితిమి. ఒకరు వెంటనే సరేననిరి. రెండవవారు, వానలు పడకముందు ఇండ్ల పనులు ముగింపవలసిన సమయమని చెప్పి, వచ్చే ఆదివారమువరకు గడువు అడిగిరి.