మనుమలను అడుగు హక్కు

"అసలు కంటె వడ్డీ ముద్దు" అని తెలుగువారందురు. హిందీ మాటలాడు ప్రాంతములలోను ఇట్టి సామెతయే కలదు. అచ్చటివారికిని మూలధనము కంటె వడ్డీయే ప్రియము. కన్నబిడ్డ అసలు, ఆ బిడ్డకు పుట్టిన బిడ్డ వడ్డీ. రెండు భాషలును ఒకే ఉపమానమును చేపట్టుటలో ఆశ్చర్యము లేదు. ముదిమిలో మనుమని ముఖము చూచి కరగని హృదయము అరుదు. కాని ఈ సామెతలో అప్పిచ్చినవాని భాష ఒకటి దాగియున్నది. వడ్డీ యనగా రావలసిన సొమ్ము. ఇచ్చినవాడు దానిని నిలువదీసి అడుగును. మనుమలు అట్టి సొమ్మేనా? తల్లిదండ్రులు మరణించియో, వ్యసనములకు లోబడియో, చెరసాల పాలయ్యో పిల్లలను పెంచజాలనివారైనపుడు, ప్రభుత్వము ఆ పిల్లలను పరాయి కుటుంబమున పోషణకై ఉంచినదనుకొందురు గాక. అపుడు "వారు మావారు, మాకిండు" అని వచ్చిన తాతకు గాని అమ్మమ్మకు గాని గల అధికారమేమి? అది నెత్తురు వలన వచ్చినదా, ప్రేమ వలన వచ్చినదా, లేక అసలు అధికారమే కాదా?

ప్రశ్నను గాలిలో నిలుపుట కంటె ఒక నేలపై నిలుపుట మేలు. దక్షిణ అండమానులో ఫెరార్గంజ్ అను ఊరు కలదు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్ నుండి జిర్కాటాంగ్ వైపు పోవు రహదారిపై అది యున్నది. అచ్చట ఒక వృద్ధురాలున్నదని ఊహింపవచ్చును. కూతురు గతించెను, అల్లుడు పిల్లలను విడిచిపోయెను. ఇద్దరు పిల్లలను బాలల సంక్షేమ సమితి వేరొక కుటుంబమునకు అప్పగించెను. ఆమె తెల్లవారక మునుపే లేచి, బస్సెక్కి పట్టణము చేరి, కార్యాలయపు బల్లపై కూర్చుండును. చేతిలో ఒక అర్జీ, రేషన్ కార్డు, పిల్లల ఫోటో. "అమ్మా, మీ వయస్సెంత? రాబడి యెంత? ఇంట ఇంకెవరున్నారు?" అని వారడుగుదురు. మూడింటికిని ఆమె చెప్పు సమాధానములు ఆమెకే ప్రతికూలములు. ఆమె చెప్పదలచిన సంగతిని ఎవరును అడుగరు: చిన్నవాడు దీపము లేక నిద్రపోడు, పెద్దది జ్వరము వచ్చినపుడు తల్లి పాడిన జోల పాడిన గాని మందు మ్రింగదు.

ఆ మూడు ప్రశ్నలు అడుగుట తప్పని చెప్పుటకు వీలు లేదు. వార్ధక్యము నిజము, పేదరికము నిజము. తల్లిదండ్రులను చెరచిన వ్యసనమే తాతల యింటను ఉండుట కలదు. నెత్తురు పంచుకొన్నంత మాత్రమున ఎవరును సాధువులు కారు. పిల్లలకు హాని చేయువారిలో బంధువులును ఉందురు. గడప లోపల జరుగుదానిని చూచుటకు ప్రభుత్వమునకు కన్నులుండవలెను. అడిగిన ప్రతి తాతకును మనుమనిచ్చి పంపు రాజ్యము దయ గలది కాదు, అజాగ్రత్త గలది.

అయినను ఫెరార్గంజ్ నేలకు ఒక జ్ఞాపకము కలదు. 1923 నుండి 1931 వరకు ఈ ద్వీపములకు ముఖ్య కమిషనరుగా నుండిన ఫెరార్ పేర ఈ ఊరు వెలసెను. ఆ కాలముననే, 1926 మొదలుకొని, నేటి ఉత్తర ప్రదేశము నుండి భాంతూ కుటుంబములను ఓడలపై తెచ్చి ఈ ప్రాంతమున నిలిపిరి. వారిలో ప్రతి యొకడును నేరము చేసి వచ్చినవాడు కాడు. నేరజాతియని ప్రభుత్వము పేరు పెట్టిన కులమున పుట్టుటయే పలువురి నేరము. 1871 నాటి నేరజాతుల చట్టము జాతులకు జాతులనే పుట్టుకతో దోషులనుగా ఎంచెను. 1897లో ఆ చట్టమును సవరించి, అట్టివారి పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి బడులలో ఉంచు అధికారమును చేర్చిరి. 1911 నాటి చట్టము దానిని నిలిపి ఉంచెను. తెలుగుపాఠకునికి ఇది దూరపు కథ కాదు. బాపట్ల చేరువ స్టువర్టుపురమున ఎరుకలవారి కొరకు సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటు ఆ చట్టపు నీడలోనిదే. 1952 ఆగస్టులో చట్టము రద్దయ్యెను. ఆ జాతులు నాటి నుండి విముక్త జాతులైనవి.

ఆ చట్టమును నడపినవారందరు క్రూరులని తలచినచో దాని వలన నేర్వవలసినది నేర్వకయే పోవుట జరుగును. వారిలో దయాళువులుండిరి, పిల్లలకు అన్నము, గుడ్డ, చదువు, చేతిపని ఇచ్చిరి. అవ్వ ఒడిలో పెరిగిన పిల్ల అవ్వ బుద్ధులే నేర్చునని, ఆ ఒడి నుండి తప్పించుటయే కరుణయని నమ్మిరి. వారి తప్పు దయ లేకపోవుట కాదు. ఈ అవ్వ యేమి చేసినది, ఈ పిల్లకు ఆమె వలన కలిగిన కీడేమి అని వారు అడుగలేదు. ఆమె ఏ జాతిదని మాత్రమే అడిగిరి. నేడు జాతి పేరు అడుగు చట్టము లేదు. కాని వయస్సు, రాబడి, ఇంటి గదుల సంఖ్య అను ప్రశ్నలు తమంత తామే తీర్పులైనపుడు, పాత తప్పు క్రొత్త వేషమున వచ్చును. అపుడు జాతిని చూచి మనిషిని చూడలేదు. ఇపుడు లెక్కను చూచి మనిషిని చూడకుండుట జరుగును.

ఇంతవరకు నేల అమ్మమ్మ పక్షమున సాక్ష్యము చెప్పినది. ఆ నేలయే రెండవ పక్షమునను చెప్పగలదు. శిక్షపడి అండమానులకు వచ్చిన స్త్రీపురుషులు తమ ఊళ్లను, కులములను, భాషలను వెనుక విడిచి అచ్చటనే కాపురములు పెట్టిరి. వారి సంతతికి ఆ ద్వీపములలో "లోకల్ బార్న్" అని పేరు. దేశవిభజన తరువాత తూర్పు బెంగాలు నుండి కాందిశీకులు వచ్చిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి తెలుగువారు వచ్చిరి. అందరికిని హిందీ ఉమ్మడి వాడుక భాష యయ్యెను. నెత్తురు సంబంధము లేని ముసలమ్మను "నానీ" అని పిలిచి, పిలిచినందుకు అన్నము తిని పెరిగిన పిల్లలు అట్టి చోట వింత కారు. చుట్టరికమును పుట్టుకయే కాక పెంపకమును కల్పించునని ఆ ద్వీపములు ఎరుగును. పురాణము సంగతియు ఇంతే. దేవకి కన్నది, యశోద పెంచినది; లోకము యశోదనే ఎక్కువగా పాడుకొన్నది. కనుక పరాయి యింటి పోషణను నీచముగా చూచుట మన సంప్రదాయము కాదు. ఈ కథలోని పెంపుడుతల్లి అమ్మమ్మకు శత్రువు కాదు. ఆమెయు రాత్రులు మేల్కొని దీపము వెలిగించినది. ఆ జోల తనకు రాకున్నను మరియొకటి పాడినది.

అట్లయినచో ఎవరు పెంచినను ఒకటేనా? ప్లేటో తన ఆదర్శ రాజ్యమున రక్షకుల పిల్లలను ఉమ్మడిగా పెంచవలెననియు, ఏ తండ్రియు తన బిడ్డను గుర్తింపరాదనియు చెప్పెను. ఆయన శిష్యుడు అరిస్టాటిలు దానికి చెప్పిన బదులు ఇరువది మూడు శతాబ్దములు దాటినను పాతబడలేదు: అందరిదైన వస్తువును ఎవరును శ్రద్ధగా చూడరు. నీటిలో కలిపిన తీపివలె ప్రేమ పలుచనగును. ప్రభుత్వము న్యాయముగా ఉండవచ్చును. కాని న్యాయము అందరియెడ సమానముగా ఉండునది. పిల్లవానికి కావలసినది సమానత్వము కాదు. తనను మాత్రమే వెదకుకొనుచు వచ్చువారొకరు. అమ్మమ్మ బస్సెక్కి వచ్చుటలో ఉన్న విలువ అది. ఆమె వచ్చినదను వార్తయే ఆ పిల్లలకొక ఆస్తి: మేము విడువబడలేదు, వెదకబడితిమి అని వారు పెద్దవారైన పిదప తెలిసికొందురు.

భారతదేశపు చట్టము ఈ భేదమును ఎరుగకపోలేదు. 1890 నాటి సంరక్షకుల చట్టము బిడ్డ క్షేమమును ముందుంచి, కోరువారి శీలమును, సామర్థ్యమును, బంధుత్వపు సామీప్యమును చూడుమని చెప్పెను. 2015 నాటి బాలల న్యాయ చట్టము తల్లి వైపు, తండ్రి వైపు తాతలను, అవ్వలను బంధువులలో పేర్కొనెను. పిల్లలను సంస్థలలో ఉంచుట చివరి ఉపాయము మాత్రమేయనెను. 2021 కోవిడ్ విజృంభణలో తలిదండ్రులిద్దరిని కోల్పోయిన ఒక బాలుని విషయమున గుజరాతు హైకోర్టు, వయస్సు తక్కువ, ఉద్యోగము, పెద్ద కుటుంబము గలదని తండ్రి వైపు తాతను, నాయనమ్మను కాక తల్లి తోబుట్టువును ఎన్నుకొనెను. 2022 జూన్‌లో సుప్రీమ్ కోర్టు ఆ తీర్పును మార్చి, డెబ్బదియొక్క ఏండ్ల తాతకు, అరువదిమూడేండ్ల నాయనమ్మకు బాలుని అప్పగించెను. రాబడి, వయస్సు, కుటుంబపు పరిమాణము తమంత తామే త్రాసును మొగ్గింపరాదని దాని సారము. తల్లి తోబుట్టువు బాలుని చూచిపోవు మార్గమును మూయలేదు. ఒకరికిచ్చుట మరియొకరిని తుడిచివేయుట కాదని ఆ తీర్పు గుర్తుంచుకొనెను.

అయితే "కుటుంబము" అని ఒక పేరు పెట్టినంత మాత్రమున అది ఒకే గొంతుతో మాటలాడదు. 2011లో నార్వే దేశపు స్తవాంగర్ నగరమున ఒక బెంగాలీ దంపతుల ఇద్దరు పసిబిడ్డలను అచ్చటి అధికారులు పోషక కుటుంబములకు పంపిరి. పిల్లల తాతలును అవ్వలును స్వదేశమున ప్రభుత్వమునకు మొరపెట్టుకొనిరి. 2012 ఏప్రిల్‌లో బిడ్డలను వారి తండ్రి తమ్మునికి అప్పగించి దేశమునకు పంపిరి. అంతటితో కథ ముగియలేదు. కన్నతల్లి తన బిడ్డలకై స్వదేశముననే మరల పోరాడవలసి వచ్చెను. 2013లో కలకత్తా హైకోర్టు వారిని ఆమె కిప్పించెను. అండమాను వ్యాజ్యములను వినునదియు ఆ న్యాయస్థానమే. పరదేశపు అధికారి నుండి విడిపించుకొన్న బిడ్డను ఇంటివారు తమలో తామే పంచుకొనుటకు పెనుగులాడుదురు. "మావారు" అను మాట ప్రేమగా మొదలై స్వామ్యముగా ముగియుటకు ఎంతో కాలము పట్టదు.

ఈ వాదములన్నింటి కంటె బలమైనది ఒకటి కలదు. అది ఏ పక్షమునకును చెందినది కాదు. అది కాలము. అర్జీ ఒక బల్ల నుండి మరియొక బల్లకు పోవుచుండగా చిన్నవాడు క్రొత్త ఇంట దీపము లేకయే నిద్రపోవుట నేర్చును. పెద్దది జోల మరచును. రెండేండ్ల పిదప అధికారి, పిల్లలు ఇచ్చట వేరూనిరి, కదల్చుట క్రూరత్వమగునని వ్రాయును. ఆ మాట అబద్ధము కాదు. కాని ఆ సత్యమును కల్పించినది ఆలస్యమే. ఎవరును తీర్పు చెప్పకయే తీర్పు జరిగిపోయినది. కనుక అడుగువారికి గల మొదటి హక్కు పిల్లలను పొందు హక్కు కాదు. వేళకు బదులు పొందు హక్కు. ఆ బదులు "కాదు" అనియు ఉండవచ్చును. అట్లయినచో అది ఈ మనిషిని చూచి, ఈ యింటిని చూచి, ఈ పిల్లలను అడిగి, కారణము చెప్పిన "కాదు" కావలెను. పొందలేకపోయిన పిదపను పిల్లలను చూచుటకు, పలుకరించుటకు ఆమెకు వాకిలి తెరచియుండవలెను.

సామెతను ఇపుడు మరల చూడవచ్చును. వడ్డీ అడుగువాడు అప్పిచ్చినవాడు. కాని ఆ బల్లపై కూర్చున్న వృద్ధురాలు ఎవరికిని అప్పిచ్చి రాలేదు. తానే బాకీపడి వచ్చినది. కూతురు బ్రదికియుండినచో పిల్లలకు చెప్పియుండెడి మాటలు, తల్లి పేరు, ఆమె ముఖము, ఆమె నవ్వు, ఆ జోల, ఇవన్నియు ఇపుడు ఆమె వద్ద మాత్రమే కలవు. పెంపుడుతల్లి ఎంత మంచిదైనను వాటిని ఈయలేదు. ప్రభుత్వము ఎంత సంపన్నమైనను కొనలేదు. మనుష్యుడు పెద్దలకు ఋణపడి పుట్టునని ధర్మము చెప్పును. ఋణపడిన బిడ్డకు దానిని ఇచ్చిపోవలసిన పెద్దలును ఋణస్థులే. పిల్లలు ఏ యింట పెరుగవలెనో విచారించి నిర్ణయించుట సమితి పని. కాని ఋణము తీర్చుకొనవచ్చిన దానిని వయస్సెంతయని అడిగి పంపివేయుట ఎవరి పనియు కాదు.