సున్నా సెకన్లు

2024 జులైలో గూగుల్ యూనివర్సల్ అనలిటిక్స్ తలుపులు మూసేసింది. హఠాత్తుగా ఏమీ కాదు. మామూలు ఖాతాల్లో కొత్త లెక్కలు 2023 జులై 1 నుంచే ఆగిపోయాయి. పాతవి దించుకోడానికి ఏడాది టైమిచ్చారు. దాని స్థానంలో వచ్చిన జీఏ4లోకి పాత డేటా రాదు, కావాలంటే మనమే బయటికి తీసి దాచుకోవాలి. మా ఆఫీసులో ఆ పని నాకు పడింది. నెలవారీ మొత్తాలు ఒక షీట్‌లోకి ఎక్కించి, పనైపోయిందని టికెట్ మూసేశాను.

తర్వాత మేనేజర్ పాత గ్రాఫునీ కొత్త గ్రాఫునీ కలిపి ఒకే గీతగా చూపించమన్నాడు. కలిపాను. 2023 జులై దగ్గర బౌన్స్ రేటు నిట్టనిలువునా పడిపోయింది. ఆ నెల్లోనే సైటు రూపం మార్చిన డిజైన్ టీముకి మీటింగులో చప్పట్లు. నేనూ కొట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కడ మారింది పాఠకులు కాదు, నిర్వచనం. పాత పద్ధతిలో ఒక పేజీ తెరిచి, మరో క్లిక్ లేకుండా వెళ్ళిపోతే అది బౌన్స్. పైగా ఒక క్లిక్కుకీ తర్వాతి క్లిక్కుకీ మధ్య తేడానే అది సమయంగా లెక్కేసేది. రెండో క్లిక్ లేకపోతే తేడా లేదు. అంటే ఒక వ్యాసాన్ని పావుగంట కూర్చుని చదివి, తృప్తిగా ట్యాబ్ మూసేసినా, ఆ చదువు ఖాతాలో సున్నా సెకన్లుగా పడేది. జీఏ4లో పది సెకన్లు దాటి ఉంటే చాలు, అది బౌన్స్ కాదు.

2022లో మాకు పొడుగు వ్యాసాలు రాసిపెట్టే ఒకావిడ ఉండేవారు, మా అందరికన్నా పెద్దావిడ. కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నప్పుడు రిపోర్టు తయారుచేసింది నేనే. ఆవిడ పేజీల బౌన్స్ రేటు 80 శాతం పైన. "జనం చదివారో లేదో దీనికెలా తెలుస్తుంది బాబూ?" అని అడిగారు. డేటా అబద్ధం చెప్పదండీ అన్నాను. కాంట్రాక్టు పొడిగించలేదు.

డేటా అబద్ధం చెప్పలేదు నిజమే. "తెలీదు" అని రాయాల్సిన చోట సున్నా రాసింది. దాన్ని "చదవలేదు" అని అనువాదం చేసింది నేను.

1957 ఏప్రిల్ 1న మన రూపాయి దశాంశంలోకి మారింది. నాలుగణాలంటే సరిగ్గా 25 నయాపైసలు. కానీ ఒక్క అణా అంటే ఆరుంబావు. ఆ పావు పైసా ఏ జేబులోనూ పట్టదు. ఆరు తీసుకున్నా ఏడు తీసుకున్నా ఎవరో ఒకరికి నష్టం. కొలత మారినప్పుడల్లా ఇలాంటి పావు ఒకటి మిగిలిపోతుంది. అది ఎవరి వాటాలోంచి పోయిందో అడగడమే అసలు ప్రశ్న అనుకుంటాను. లెక్క రాసేవాడి వాటాలోంచి మాత్రం ఎప్పుడూ పోదు.

అన్నీ దాచుకోవాల్సిందేనా అని మీరడగొచ్చు. అక్కర్లేదు. ఎవరు ఏ రాత్రి ఏం చదివారో ఎల్లకాలం దాచి ఉంచడం నాకూ ఇష్టం లేదు. చెరిగిపోవడం కొన్నిసార్లు పాఠకుడికి రక్షణ. కానీ ఒక మనిషి పని మీద తీర్పు చెప్పడానికి వాడిన అంకెలు వేరు. తీర్పు నిలిచి ఉన్నన్నాళ్ళూ దాని ఆధారాలూ ఉండాలి, ఆ అంకెకి అప్పట్లో ఉన్న అర్థంతో సహా. నేను దించుకున్నవి నెలవారీ మొత్తాలే. పేజీలవారీ లెక్కలు చెరిగిపోయాయి. ఆవిడ వ్యాసాల గురించి ఇవాళ నా దగ్గర ఒక్క వరుస కూడా లేదు. ఉన్నా లాభమేంటి, అందులోనూ సున్నాలే కదా అంటారా? లాభం ఉంది. ఆ సున్నా ఎలా పుట్టిందో వేలుపెట్టి చూపించగలిగేవాణ్ణి.

మర్నాడు గ్రాఫుని రెండుగా విడగొట్టి, మధ్యలో నిలువుగీత గీసి, ఇక్కడ కొలత మారింది, అటూ ఇటూ పోల్చకండి అని రాశాను. చప్పట్ల సంగతి కూడా చెప్పాను. "చూడ్డానికి బాలేదు, ఆ గీత తీసేయొచ్చు కదా" అన్నాడు మేనేజర్. తియ్యలేదు.

ఆవిడ నంబర్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. చదివారని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. చదవలేదని ఆవాళ నేనన్న మాటకీ ఆధారం లేదని మాత్రం చెప్పగలను. ఈ వ్యాసం పంపేశాక ఆ ఫోన్ చెయ్యాలి.